జనగామ నుంచి మాయాబజారుకు



ఒక ఆదివారం పొద్దున, ఎండ ఇంకా ముదరకముందే, జనగామ బస్టాండులో ముగ్గురు ఆడవాళ్ళు హైదరాబాదు బస్సు కోసం నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన నాయనమ్మ, ఆమె కోడలు, అయిదో తరగతి చదివే మనవరాలు. కోడలి సంచిలో ఒక డబ్బా నిండా పులిహోర, మరో డబ్బాలో పెరుగన్నం, రెండు సీసాల మంచినీళ్ళు ఉన్నాయి. నాయనమ్మ కట్టుకున్నది పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని జరీ అంచు చీర. పలకరించిన పక్కింటావిడ ఎవరింట్లో పెళ్ళి అని అడిగితే, ఆమె నిండుగా నవ్వి, "పెండ్లే వదినె, శశిరేఖ పెండ్లి" అంది.

ఆ సాయంత్రం ఆరున్నరకు రవీంద్రభారతిలో సురభి వాళ్ళ మాయాబజారు. ఆరున్నర నాటకానికి ఎనిమిదింటికే బయలుదేరడమెందుకని కోడలికి అనిపించకపోలేదు. కానీ అత్తగారు రాత్రి నుంచీ నిద్రపోలేదు. "నాటకం జూసే దినం ఇంట్ల కాలు నిలువది బిడ్డా" అంటుంది ఆమె. ఆ మాట నిజమే. నాటకానికి వెళ్ళడమంటే ఆ మూడు గంటలు మాత్రమే కాదు. బయలుదేరడం, దారి, ఎదురుచూపు, చీకట్లో తిరిగి రావడం అన్నీ కలిస్తేనే ఆ రోజు నిండుతుంది.

బస్సు వచ్చింది. కండక్టరు ముగ్గురికీ జీరో టికెట్లు కొట్టిచ్చాడు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. ఆస్పత్రికి, గుడికి, పుట్టింటికి, కూలి పనికి ఆ టికెట్టు మీద ఎంతమంది తిరుగుతున్నారో రోజూ చూస్తూనే ఉన్నాం. నాటకానికి కూడా పోవచ్చన్న ఆలోచన ఈ ఇంట్లో మొదట వచ్చింది మనవరాలికి. బళ్ళో టీచరు ఘటోత్కచుడి కథ చెప్పిందట. ఇంటికొచ్చి నాయనమ్మను అడిగితే, ఆమె కథ చెప్పడం మానేసి డేరా సంగతి మొదలుపెట్టింది. ఇక ఆగలేదు.

అప్పుడామెకు తొమ్మిదేళ్ళు. జనగామ దాపునున్న పల్లె ఆమెది. ఒక ఏడు కోతలయ్యాక జనగామలో సురభి డేరా పడింది. చుట్టూ రేకుల గోడ, పైన గుడ్డ కప్పు, లోపల నేల, బెంచి, కుర్చీ అని మూడు రకాల టికెట్లు. పగలు జట్కా బండిలో మైకు పెట్టుకుని, రంగు కాగితాలు పంచుతూ పల్లెలన్నీ తిరిగేవాళ్ళు. ఆ కాగితాల కోసం పిల్లలు బండి వెంట ఊరి పొలిమేర దాకా పరిగెత్తేవాళ్ళు. రాత్రి అన్నాలు తిని ఎడ్లబండ్లు కట్టుకుని, గడ్డి పరచుకుని, పడుకున్న పిల్లల్ని అలాగే ఎత్తుకుని జనం వచ్చేవాళ్ళు. రోజుకో నాటకం. నెల దాటినా డేరా లేవలేదు. ఆమె తండ్రి నాలుగు రాత్రులు తీసుకెళ్ళాడు. మాయాబజారు ఒక్కటే రెండుసార్లు. నేల టికెట్టు కొని, ఇంటి నుంచి తెచ్చిన గోనెసంచి పరుచుకుని కూర్చున్నారు.

ఆనాడు నాటకం సామాను లారీలకెక్కించుకుని ఊరి దగ్గరికి వచ్చింది. ఈనాడు ఊళ్ళో వాళ్ళు పులిహోర కట్టుకుని నాటకం దగ్గరికి 85 కిలోమీటర్లు వెళుతున్నారు. అరవయ్యేళ్ళలో దారి ఇలా తిరగబడింది.

ఆలేరు దాటింది, రాయగిరి దాటింది, భువనగిరి కోట గుండు కిటికీలో కాసేపు నిలబడి వెనక్కి పోయింది. మనవరాలు నాయనమ్మను అడుగుతూనే ఉంది. ఆ సురభి అంటే ఎవరు, ఇంటి పేరా, ఊరి పేరా?

ఊరి పేరే. కడప జిల్లాలో చక్రాయపేట వైపున్న పల్లె అది. 1885లో అక్కడ ఒక పెళ్ళి సందర్భంగా తోలుబొమ్మలాడించే కుటుంబం వాళ్ళు బొమ్మలు పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు ఆ సమాజానికి మూలపురుషుడు. మరాఠా దేశం నుంచి తరాల కిందట దిగివచ్చిన కుటుంబాలు అవి. ఇంట్లో మరాఠీ యాస మాట, రంగం మీద తెలుగు పద్యం. అదే కాలంలో మరాఠీ గడ్డ మీద కూడా పాటతో నడిచే నాటకం కొత్త ఊపు మీద ఉంది. 1880లో పుణెలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ సంగీత శాకుంతలం ఆడించాడు. మన వైపు బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1887లో చిత్రనళీయంతో తెలుగు నాటకంలోకి పాటను, పద్యాన్ని, రాగాన్ని తెచ్చాడు. ఇంగ్లీషువాళ్ళు మ్యూజికల్ అనే రూపాన్ని మనవాళ్ళు ఎవరి దగ్గరా అరువు అడగలేదు. హార్మోనియం మెట్ల మీద అది మన పల్లెల్లోకి నడిచి వచ్చింది.

బొమ్మలాట నుంచి వచ్చారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సురభి గుట్టంతా అందులోనే ఉంది. తెర వెనక దీపం, చేతిలో పుల్ల, గొంతులో పాట. చూసేవాడికి బొమ్మే కనిపించాలి, ఆడించేవాడు కనిపించకూడదు. మనిషి వేషం కట్టాక కూడా ఆ చేతులకు ఆ అలవాటు పోలేదు. అందుకే సురభి నాటకంలో ఎదురుగా పాడేవాళ్ళు ఎంతమందో, కంటికి కనబడకుండా తాడు లాగేవాళ్ళూ అంతమంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజుల్లో నాటకంలో ఆడవేషం మగవాళ్ళే కట్టేవాళ్ళు. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తే ఆడవాళ్ళే ఆశ్చర్యపోయేవాళ్ళు. 1956లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. సురభి వాళ్ళు మాత్రం ముందు నుంచే ఆడవేషం ఆడవాళ్ళకే ఇచ్చారు. కుటుంబమంతా ఒకే సమాజం కాబట్టి వాళ్ళకది సహజంగా కుదిరింది. అమ్మ సుభద్ర, కూతురు శశిరేఖ, చంటివాడు బాలకృష్ణుడు. సురభి కమలాబాయి రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చాయట. ఆ బిడ్డ పెరిగి, 1932లో విడుదలైన మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి అయింది. హెచ్.ఎం. రెడ్డి ఆ సినిమా తీసేటప్పుడు నటులను కొత్తగా తయారు చేయాల్సిన పని పెద్దగా పడలేదు. సురభి వాళ్ళను బొంబాయికి రప్పించుకున్నాడు. పాడగలరు, పద్యం చెప్పగలరు, వేషం వేసుకుని వేళకు నిలబడగలరు. తెలుగు సినిమా మొదటి అడుగు వేసింది డేరా నాటకం కాళ్ళ మీద.

ఆ సినిమాయే తర్వాత డేరాలను తినేసింది. ముందు టూరింగు టాకీసులు, తర్వాత ఊరూరా హాళ్ళు, ఆ తర్వాత ఇంటింటా టీవీ. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. సినిమా ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. పట్నాల మధ్య ఖాళీ జాగా లేకుండా పోయింది. డేరా వేయడానికి, సామాను దించడానికి, వందమంది వండుకు తినడానికి, రెండు మూడు నెలలు ఉండడానికి స్థలం కావాలి. పిల్లలకు బడి కావాలి. ఊరు మారినప్పుడల్లా బడి మారితే ఏ పిల్ల చదువుతుంది? చాలా కుటుంబాలు చివరికి హైదరాబాదులో శేరిలింగంపల్లి దగ్గర స్థిరపడ్డాయి. ఆ పేటకు సురభి కాలనీ అనే పేరు. మిగిలిన సురభి సమాజాల్లో 1937లో మొదలైన వెంకటేశ్వర నాట్యమండలి ఇప్పటికీ పెద్ద నాటకాలు ఆడుతోంది. దాన్ని చాలాకాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావును అందరూ బాబ్జీ అనే పిలిచేవాళ్ళు. 2013లో పద్మశ్రీ అందుకున్నాడు. 2022లో కన్నుమూశాడు. అభిమానం ఉన్నవాళ్ళకు ఆ కబురు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టనిపించింది.

ఉప్పల్‌లో బస్సు దిగేసరికి పదిన్నర దాటింది. అక్కడి నుంచి మెట్రో. మనవరాలికి అది మొదటి మెట్రో ప్రయాణం, నాయనమ్మకూ మొదటిదే. ఎస్కలేటరు ముందు ఆమె ఒక్క నిమిషం ఆగి, కోడలి చెయ్యి పట్టుకుని, ఎడ్లబండి ఎక్కినట్టే కుడికాలు ముందు పెట్టి ఎక్కింది. అమీర్‌పేటలో దిగి, ఎల్బీనగర్ వైపు వెళ్ళే బండి మారి, అసెంబ్లీ స్టేషన్లో దిగారు. పైనుంచి చూస్తే కింద పచ్చని చెట్ల మధ్య తెల్లటి కట్టడాలు. అదే పబ్లిక్ గార్డెన్స్, పాతవాళ్ళ బాగే ఆం.

పొద్దుపోవాలి కదా. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న మ్యూజియంలోకి వెళ్ళారు. అక్కడ అద్దాల పెట్టెలో ఈజిప్టు మమ్మీ ఉంది. పిల్ల దాని ముందు నుంచి కదలలేదు. నాయనమ్మ మాత్రం ఒక్క చూపు చూసి, "పాపం, ఏ తల్లి కన్న బిడ్డనో, ఇంత దూరమొచ్చింది" అని కంచు బొమ్మల వైపు నడిచింది. తర్వాత చెట్టు కింద దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నారు. ఎదురుగా లలితకళాతోరణం. సురభి ఎన్నో సాయంత్రాలు ఆడిన బహిరంగ వేదిక అది. గుడ్డ కప్పు లేని ఆ వేదిక మీద ఆకాశమే కప్పుగా ఘటోత్కచుడు ఎగురుతుంటే చూసిన హైదరాబాదు వాళ్ళు ఇప్పటికీ ఆ రాత్రుల గురించి చెప్పుకుంటారు.

కోడలు చెట్టు కింద కాసేపు ఒరిగింది. ఆమెకు నాటకం మీద పెద్ద ఆశ లేదు. అత్తగారి కోసం, పిల్ల కోసం వచ్చింది. ఆమెకు తెలిసిన మాయాబజారు 1957 నాటిది. కె.వి. రెడ్డి తీసింది, ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు, సావిత్రి శశిరేఖ. టీవీలో ఎన్నిసార్లు వచ్చినా చూస్తుంది. అంత గొప్ప సినిమా చూశాక రంగం మీద అదే కథ ఎలా నిలబడుతుందని ఆమె అనుమానం. చాలామంది అనుమానం కూడా అదే. కానీ వరస తిరగేసి చూడాలి. ఆ కథ వ్యాసుడి భారతంలో లేదు. జనం అల్లుకున్న పెళ్ళి కథ. శశిరేఖా పరిణయం అనే పేరుతో నాటకం ఊరూరా ఆడిన తర్వాతే సినిమా వచ్చింది. అదీ 1957లో మొదటిసారి కాదు, 1936లోనే పి.వి. దాసు తెలుగులో తీశాడు. కెమెరా కంటే ముందు ఆ మాయలన్నీ తాళ్ళతో, తెరలతో చేసినవాళ్ళు ఉన్నారు. రవీంద్రభారతిలో ఈ సాయంత్రం కనిపించేది సినిమాకు నకలు కాదు, సినిమాకు ముందు నుంచి నడుస్తున్న దారి.

అయిదున్నరకు రవీంద్రభారతి చేరారు. పబ్లిక్ గార్డెన్స్ నుంచి నడిచి పోగలిగిన దూరమే. రవీంద్రనాథ్ ఠాగూర్ నూరేళ్ళ పండుగ సందర్భంగా కట్టి 1961లో తెరిచిన హాలు అది. మెత్తని కుర్చీలు, చల్లని గాలి. నాయనమ్మ కుర్చీలో కూర్చుని అటూ ఇటూ చూసింది. "నేల టికెట్టు లేదా ఈడ?" అంది. లేదు. కానీ ఆమె చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టి, కాళ్ళు మడిచి పైకి పెట్టుకుని కూర్చుంది. అరవయ్యేళ్ళ కిందటి కూర్చోవడం ఒంటికి గుర్తున్నట్టుంది.

మొదట లోపలి నుంచి హార్మోనియం శ్రుతి. ఆ ఒక్క స్వరం వినగానే హాల్లో నలభై దాటినవాళ్ళంతా మాట ఆపారు, చిన్నవాళ్ళు ఇంకా ఫోన్లు చూసుకుంటున్నారు. తర్వాత ప్రార్థన. తెలుగు రంగస్థలం మీద తరతరాలుగా పాడుతున్న ప్రార్థన రాసింది ఖమ్మం జిల్లా జక్కేపల్లి కవి చందాల కేశవదాసు. భక్త ప్రహ్లాదకు పాటలు రాసి తొలి తెలుగు సినిమా కవి అనిపించుకున్నదీ ఆయనే. నాయనమ్మకు ఆ పేరు తెలియదు. పాట మాత్రం మొత్తం వచ్చు. పెదవులు కదులుతున్నాయి.

తెర లేచింది. ద్వారక. రంగులు వేసిన గుడ్డ మీద స్తంభాలు, మేడలు, వెనక సముద్రం. మబ్బు మీద నారదుడు దిగాడు. మనవరాలు ముందుకు వంగింది. కోడలు కూడా కొంచెం వంగింది.

సురభి నాటకంలో ముందుగా పట్టేది వేగం. పద్య నాటకాల్లో గొప్ప గాయకులు ఒక పద్యం చివర రాగం పట్టుకుని ఎంతసేపైనా నిలబడతారు. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటి నుంచి పాడతారు. రాయబారం, హరిశ్చంద్ర కాటిసీను అలాగే ఊళ్ళను ఊపాయి. అది వేరే రుచి. సురభిలో పద్యం పుట్టి, వెలిగి, కథను ఒక మెట్టు ఎక్కించి తప్పుకుంటుంది. దీపాలు ఆరి వెలిగేలోగా ద్వారక పోయి అడవి వస్తుంది. ఇంకో రెప్పపాటులో అడవి పోయి అంతఃపురం వస్తుంది. ఆ గుడ్డలు పైకి చుట్టుకునే చప్పుడు ముందు వరసల్లో వాళ్ళకు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినడం కూడా ఒక సంతోషమే.

అడవిలో అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ యుద్ధం. అటు నుంచి ఒక బాణం, ఇటు నుంచి ఒక బాణం, రంగం మధ్యకు, గాల్లోకి వచ్చి ఢీకొన్నాయి. నిప్పులు రాలాయి. హాలంతా ఒక్కసారి అబ్బో అంది. సినిమాలో ఇంతకు వెయ్యి రెట్లు పెద్ద యుద్ధాలు చూసిన పిల్లలే అలా అరిచారు. తెర మీద బాణం తప్పదు. రంగం మీద తప్పవచ్చు. తప్పలేదు. ఒళ్ళు జలదరించేది అందుకే.

ఇక వివాహ భోజనాల ఘట్టం. పెళ్ళివారి కోసం వండిన వంటలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. శశిరేఖ వేషంలో వచ్చిన ఘటోత్కచుడు తన రూపం దాల్చి, పొట్ట నిమురుకుంటూ వాటి ముందు కూర్చున్నాడు. నోరు తెరిచాడు. పళ్ళెంలోంచి ఒక లడ్డు కదిలింది. మెల్లగా లేచింది. గాల్లో ఒక క్షణం, ఎటు పోవాలో ఆలోచించుకుంటున్నట్టు ఆగి, తిన్నగా వచ్చి నోట్లో పడింది. ఆ వెనకే మరొకటి. తర్వాత రెండు కలిసి. హార్మోనియం ఒక్కో లడ్డుకూ ఒక్కో మెట్టు ఎక్కుతోంది, తబలా లడ్డు పడ్డప్పుడల్లా ఒక దెబ్బ వేస్తోంది. పిల్లలు నవ్వు ఆపలేక కుర్చీల్లో ఎగురుతున్నారు. మనవరాలు మాత్రం నవ్వలేదు. కళ్ళు చిన్నవి చేసుకుని లడ్డు పైనా, లడ్డు పక్కనా, వెనక నల్లటి తెర మీదా వెతుకుతోంది. "నాయనమ్మా, దారం ఏది?" అని గుసగుసగా అడిగింది.

నాయనమ్మ ఆ పిల్ల వైపు చూడలేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నవ్వుతోంది, నీళ్ళు కారుతున్నాయి. కోడలు చూసి కంగారుపడింది. "ఏమైందత్తమ్మా?" అంటే, "ఏం గాలే బిడ్డా. మా నాయిన నన్ను భుజం మీద కూసోబెట్టుకున్నడు ఈ సీనుకు. ముంగట ఎవడో తలపాగోడు అడ్డమొచ్చిండని" అంది.

నాటకం తొమ్మిది దాటాక ముగిసింది. మంగళం పాడాక వేషగాళ్ళంతా వరసగా నిలబడి దండం పెట్టారు. ఘటోత్కచుడి పక్కన చేతులు కట్టుకుని, మామూలు చొక్కాల్లో ఆరేడుగురు నిలబడ్డారు. తాళ్ళు లాగినవాళ్ళు, దీపాలు చూసినవాళ్ళు. చప్పట్లు వాళ్ళకూ పడ్డాయి. ఇంతకు ముందు ఆ చొక్కాలలో ఒకడు దుశ్శాసనుడు. సురభిలో ఎవరూ ఒక్క పనికే పుట్టరు. ఈ రోజు కృష్ణుడు రేపు తెర చుట్టవచ్చు. ఈ రోజు చంటి కృష్ణుడు పదేళ్ళకు తబలా ముందు, ఇరవయ్యేళ్ళకు అభిమన్యుడై, అరవయ్యేళ్ళకు శకుని కావచ్చు. ఒక బడిలో చేరి నేర్చుకునేది కాదు, ఒక ఇంట్లో పెరిగి ఒంటబట్టేది.

కన్నడ రంగస్థలం పెద్ద బి.వి. కారంత్ 1990ల్లో వీళ్ళతో పనిచేశాడు. చిన్నతనంలో తానూ గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో తిరిగినవాడు కాబట్టి డేరా జీవితం ఆయనకు కొత్త కాదు. వాళ్ళ చేత భీష్మ, చండీప్రియ ఆడించాడు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ కథను బస్తీ దేవత యాదమ్మగా హైదరాబాదు గల్లీలోకి దించాడు. పౌరాణికం తప్ప వీళ్ళకు మరొకటి రాదనుకున్నవాళ్ళు ఆ నాటకాలు చూసి మాట మార్చుకోవాల్సి వచ్చింది. అయినా జనం అడిగేది మాయాబజారే, పాతాళభైరవే, ప్రహ్లాదుడే. అందులో చిన్నతనం ఏమీ లేదు. కొత్త నాటకాలు ఇంకా రావాలి, వాటికి డబ్బూ, జాగా, రిహార్సలు కాలమూ ఎవరో ఒకరు ఇవ్వాలి. ఫ్రాన్సు దాకా పోయి ఆడి వచ్చిన నాటకం జనగామలో ఒక్క వారమైనా ఆడలేకపోవడం బాధ కలిగించే మాట. జిల్లా కేంద్రానికొక హాలు, ఏడాదికి పది రాత్రులు. అడగదగ్గ కోరికే ఇది, తీర్చదగ్గ కోరికే.

అందరూ వెళుతుంటే మనవరాలు అమ్మ చెయ్యి విడిపించుకుని రంగం దగ్గరికి పోయింది. అప్పటికే సామాను సర్దుతున్నారు. ద్వారక ఒక కర్రకు చుట్టుకుపోయింది. సుభద్ర వేషం కట్టినావిడ కిరీటం తీసి, ముఖం మీది రంగు సగం తుడుచుకుని, ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డను జోకొడుతోంది. ఒక మూల పదిహేనేళ్ళ కుర్రాడు చెక్కముక్కకు నల్లదారం చుడుతున్నాడు. పిల్ల అతని ముందు నిలబడింది. ఏమీ అడగలేదు. అతను ఆమెను చూశాడు, నవ్వాడు, దారం కొస పైకి పట్టుకుని దీపం వెలుగుకు అడ్డంగా తిప్పాడు. వెంట్రుక కన్నా కొంచెం లావు. వెలుగులో మెరిసింది. వెనక ఉన్న నల్లగుడ్డ ముందుకు తెచ్చి పెట్టగానే మాయమైంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ మెరిసింది. "ఎంత మెల్లగ గుంజాలె?" అని అడిగింది పిల్ల. "పాట ఎంత మెల్లగుంటే అంత" అన్నాడు. "హార్మోనియం వినుకుంట గుంజాలె. లేకుంటే లడ్డు ముక్కుకు తగుల్తది."

ఆ పిల్ల ఆ మాట పట్టుకుని మెట్రో ఎక్కేదాకా ఒక్కటే నవ్వు.

ఉప్పల్‌లో వరంగల్ బస్సు దొరికింది. రాత్రి బస్సులో సగం మంది నిద్ర. కోడలు మిగిలిన పెరుగన్నం డబ్బా తీసి ముగ్గురికీ పెట్టింది. ఆమె ఫోనులో సినిమా మాయాబజారు పాట పెట్టబోయి, ఎందుకో ఆపి, నాటకంలో శశిరేఖ పాడిన వరస కూనిరాగం తీసింది. పూర్తిగా గుర్తురాలేదు. వెనక సీటు నుంచి ఎవరో పెద్దాయన దాన్ని అందుకున్నాడు. ఆయనా అక్కడి నుంచే వస్తున్నాడట, ఆలేరు మనిషి. హైదరాబాదులో నాటకం ఉందని తెలిస్తే ఆగడట. రెండు ఊళ్ళు దాటేదాకా అత్తగారూ ఆయనా ఎవరి డేరా ఎక్కడ పడింది, ఏ యేడు పడింది అని లెక్కలు చూసుకున్నారు. బాలనాగమ్మ, లవకుశ, శ్రీకృష్ణలీలలు. ఒకరు మరిచింది ఇంకొకరు గుర్తుచేశారు.

జనగామ చౌరస్తాలో దిగేటప్పటికి పన్నెండు దాటింది. ఆటోలు లేవు. ఇల్లు దగ్గరే కాబట్టి నడిచారు. బట్టల దుకాణాలు, సెల్‌ఫోన్ల దుకాణాలు ఉన్న ఒక వరస ముందుకు వచ్చాక నాయనమ్మ ఆగింది. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. ఒక్క వీధిదీపం వెలుగుతోంది.

"ఇగో, ఈడ్నే బిడ్డా డేరా" అంది. "ఆ మందుల దుకాణం కాడ గేటు. ఇటు నేల, అటు బెంచీలు. మేం ఇగో, ఈ కరెంటు స్తంభమున్న జాగల కూసున్నం."

మనవరాలు వెళ్ళి ఆ స్తంభం పక్కన నిలబడింది. చుట్టూ చూసింది. తల పైకెత్తింది.

"మరి ఘటోత్కచుడు ఎక్కడికెల్లి దిగిండు?"

నాయనమ్మ చెయ్యెత్తి, సెల్‌ఫోన్ దుకాణం బోర్డు మీదుగా, దానిపైన ఖాళీగా ఉన్న చీకట్లోకి చూపించింది. పిల్ల చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. కోడలు సంచి కింద పెట్టి, తను కూడా తలెత్తింది.